ఇంటరాక్టివ్ కథనం: ఎంపికకూ పొందికకూ మధ్య

చదివేవారు, చూసేవారు, ఆడేవారు మధ్యలో కలగజేసుకుని కథను మలుపు తిప్పగలిగితే దాన్ని ఇంటరాక్టివ్ కథనం అంటున్నాం. వీడియో గేములు, తెర మీద ఎంపికలు చూపించే సినిమాలు, లింకుల వెంట నడిచే నవలలు, కృత్రిమ మేధతో మాటామాటా అనుకుంటూ అల్లుకునే కథలు అన్నీ ఈ కోవలోవే. వీటిని తయారుచేసేవాళ్లను మొదటినుంచీ వెంటాడుతున్న ప్రశ్న ఒకటే. పగ్గాలు పాఠకుడి చేతికిస్తే కథ పొందికగా సాగుతుందా? ఇవ్వకపోతే అతను పాల్గొన్నాడనడంలో అర్థమేముంది?

ఈ ప్రశ్న కంప్యూటర్‌తో పుట్టిందేమీ కాదు. ఎదుట కూర్చున్న మనిషిని కథలోకి రానిస్తూనే కథను చెదరనివ్వకుండా నడపడం మన వేదికల మీద ఎప్పటినుంచో ఉన్న విద్య. హైదరాబాదు పాతబస్తీలో కథ చెప్పే కళ అయిన దాస్తాన్, తెలుగునాట బుర్రకథ, అవధానం అందుకు గట్టి ఉదాహరణలు. డిజిటల్ కథనం గురించి రాసేవాళ్లు సాధారణంగా 1970ల అమెరికా నుంచి మొదలుపెడతారు. తెలుగు పాఠకుడికి అంతకంటే దగ్గరి దారి ఉంది.

కొమ్మల లెక్క

కథలో ప్రతి మలుపు దగ్గరా రెండు దారులు పెట్టి, ఏ దారీ మరోదానితో కలవదనుకుందాం. పది మలుపులు దాటేసరికి 1,024 ముగింపులు తేలతాయి. మొదటి ఘట్టం నుంచి చివరి ముగింపుల దాకా రాయాల్సినవి మొత్తం 2,047 ఘట్టాలు. పాఠకుడు ఒకసారి మొదలుపెట్టి ముగించేసరికి వాటిలో చదివేది 11. మిగిలిన 2,036 ఘట్టాలూ రాసినవాడి బల్ల మీదే ఉండిపోతాయి. ఏ సంస్థా ఇంత ఖర్చు భరించలేదు. భరించినా అన్ని ముగింపులూ ఒకే నాణ్యతతో రాయడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా అసలు ఇబ్బంది మరొకటుంది. మామూలు కథలో కారణం ముందు వస్తుంది, ఫలితం తర్వాత వస్తుంది. రెంటి మధ్య దూరం ఎంతుండాలో రచయిత నిర్ణయిస్తాడు. కలగజేసుకునే పాఠకుడు ఆ దూరాన్ని మార్చేస్తాడు. రెండో అంకంలో తెలియాల్సిన రహస్యాన్ని మొదటి గదిలోనే తవ్వి తీస్తాడు. చావుబతుకుల్లో ఉన్న స్నేహితుణ్ణి వదిలేసి పక్క వీధిలో నాణేలు ఏరుకుంటాడు. గేమ్ డిజైనర్ క్లింట్ హాకింగ్ 2007లో బయోషాక్ అనే గేమును విమర్శిస్తూ, కథ చెప్పే విలువలు ఒకటీ ఆట ఆడించే విలువలు మరొకటీ అయినప్పుడు పుట్టే వైరుధ్యానికి ఒక పేరే పెట్టాడు. ఆ చర్చ ఇప్పటికీ సాగుతోంది.

దాస్తాన్ నుంచి బుర్రకథ దాకా

దాస్తాన్ జాడ పట్టుకోవడానికి మొఘల్‌పురా నుంచి మొదలుపెడదాం. ఇది చార్మినార్‌కు ఆగ్నేయంగా, నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న పాత మొహల్లా. ఉర్దూ సాహిత్య సభలకు వేదికైన ఉర్దూ ఘర్ ఇక్కడే ఉంది. ఆ పక్కనున్న సుల్తాన్‌షాహీ వైపు వెళితే, 1591లో హైదరాబాదు నగర నిర్మాణానికి రూపుదిద్దిన మీర్ మోమిన్ పేరుతో ఉన్న శ్మశానవాటిక మీర్ మోమిన్ దాయిరా వస్తుంది. ఆ కొత్త నగరానికి ఇరాన్ నుంచి పండితులతోపాటు కథకులూ వచ్చారు. 1612లో హైదరాబాదు చేరిన హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ అనే కథకుడు తనతో హమ్జా అనే వీరుడి కథల రాతప్రతులు తెచ్చుకున్నాడు. గోల్కొండ కొలువు నీడలో జుబ్దతుర్రుమూజ్ అనే పేరుతో ఆ కథను పారసీలో కూర్చాడు.

హమ్జా దాస్తాన్‌కు నాలుగు దినుసులు: రజ్మ్ అంటే యుద్ధం, బజ్మ్ అంటే కొలువు వేడుక, తిలిస్మ్ అంటే మాయాలోకం, అయ్యారీ అంటే వేషాలు మార్చే గూఢచారుల చమత్కారం. దాస్తాన్ చెప్పే దాస్తాన్‌గో వీటిని ముందే గుండెలో పెట్టుకుని ఉంటాడు. సభలో సిపాయిలుంటే యుద్ధం పెరిగేది, రసికులుంటే వేడుక పెరిగేది. కథను ఒకే క్షణం దగ్గర ఆపి వర్ణనతోనే రోజుల తరబడి నడిపించే నేర్పును దాస్తాన్ రోక్‌నా అనేవారు. వినేవాళ్ల మొహాలు చూసి తర్వాతి ఘట్టాన్ని ఎంచుకునే ఈ పద్ధతికి ఇవాళ్టి గేముల్లో దగ్గరి చుట్టం ఉంది. 2009లో వచ్చిన ఫాలెన్ లండన్‌లో కథంతా చిన్న చిన్న స్వతంత్ర ఘట్టాలుగా ఉంటుంది. ఆటగాడి పరిస్థితికి తగిన ఘట్టమే అతని ముందుకు వస్తుంది. ఘట్టాల వరస మారుతుంది. వాటి లోపలి కట్టు మారదు.

తెలుగు వేదిక మీద పాల్గొనడం ఇంకో రకం. కథ చెబుతుంటే ఊ కొట్టాలి. ఊ కొట్టేవాడు లేకపోతే చెప్పేవాడికి ఊపు రాదు. బుర్రకథ ఆ ఊకొట్టడాన్ని ఏకంగా పాత్రగా మార్చేసింది. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం పట్టిస్తే, ఇంకొకరు ఆనాటి రాజకీయం ఎత్తుకుంటారు. జనం అడగాల్సిన ప్రశ్నను వంత అడుగుతాడు, కథకుడు జవాబిస్తాడు, కథ ముందుకు కదులుతుంది. షేక్ నాజర్ (1920–1997) ఈ కళను ఎంత ఎత్తుకు తీసుకెళ్లారో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. జనం నేరుగా కలగజేసుకుంటే ఏమవుతుందో పద్యనాటకం చూపించింది. పద్యానికి వన్స్‌మోర్ పడగానే నటుడు వెనక్కి వచ్చి మళ్లీ అందుకునేవాడు. రసం నిలిచేది, కథ ఆగేది. దీన్ని లోపంగా చూడనవసరం లేదు. ప్రేక్షకులకు కథ ముందే తెలుసు, వాళ్లు వచ్చింది పద్యం కోసం. పొందిక ఎంత కావాలన్నది ప్రేక్షకుడు దేనికోసం వచ్చాడన్నదాని మీద ఆధారపడి ఉంటుందని ఈ అనుభవం చెబుతోంది.

చందమామ బేతాళ కథలతో పెరిగిన తరానికి మరో నమూనా తెలుసు. కథ చివర బేతాళుడు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. దారులు రెండే, రెండూ విక్రమార్కుడికి నష్టమే. అయినా ప్రతి నెలా పుస్తకం పట్టుకున్న పిల్లలు జవాబు చదవకముందే తమ తీర్పు తాము చెప్పుకునేవారు. కథ ఒక్క అక్షరం కూడా మారదు, పాఠకుడు మాత్రం పూర్తిగా పాల్గొంటాడు.

అవధానం చెప్పే కిటుకు

పొందికను ఇంత నిక్కచ్చిగా పరీక్షకు పెట్టిన ప్రక్రియ అవధానం తప్ప మరొకటి నాకు కనిపించదు. అష్టావధానంలో అవధానిని పరీక్షించే పృచ్ఛకులు ఎనిమిదిమంది. ఒకరు సమస్య (పూరించాల్సిన పాదం) ఇస్తారు, ఒకరు దత్తపది (పద్యంలో ఇమడ్చాల్సిన పదాలు), ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు వర్ణన అడుగుతారు. అప్రస్తుత ప్రసంగం చేసేవారి పనల్లా అవధాని దృష్టిని చెదరగొట్టడమే. అవధాని మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెబుతాడు, రెండో ఆవృత్తిలో రెండో పాదం, అలా నాలుగు ఆవృత్తులు. చివర ధారణలో అన్ని పద్యాలూ మొదటినుంచి తుదిదాకా అప్పగిస్తాడు.

నిషిద్ధాక్షరిని దగ్గరగా చూడాలి. పృచ్ఛకుడు ముందు అంశం ఇస్తాడు. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రావచ్చో ఊహించి దాన్ని నిషేధిస్తాడు. అవధాని వేరే అక్షరం వేస్తాడు, పృచ్ఛకుడు మళ్లీ అడ్డుపడతాడు. అనుకున్న పదం అక్షరం అక్షరానికీ చెయ్యి జారిపోతుంటుంది. యతి తప్పకూడదు, గణం తప్పకూడదు, అర్థం చెడకూడదు. ఏ వీడియో గేమూ రచయితను ఇంత గట్టిగా బంధించదు. అయినా పద్యం పూర్తవుతుంది, అడిగిన అంశం మీదే పూర్తవుతుంది.

ఇది ఎలా సాధ్యమైందో విడదీసి చూస్తే డిజిటల్ రచయితకు పనికొచ్చే సంగతులు కనిపిస్తాయి. పృచ్ఛకుడికిచ్చిన చోటు చిన్నది, కానీ ఆ చోట్లో అతనిదే అధికారం. సమస్య ఇచ్చినవాడు వర్ణనాంశాన్ని మార్చలేడు, అయితే అతను ఇచ్చిన పాదాన్ని అవధాని ఒక్క మాత్ర కూడా సవరించడానికి లేదు. ఛందస్సు ఇద్దరికీ ముందే తెలిసిన నియమం కాబట్టి అడ్డుకునేవాడికీ దాటేవాడికీ ఆట అర్థమవుతుంది. సభను నడిపే సంచాలకుడు ఎవరి వంతు ఎప్పుడో చూసుకుంటాడు. అన్నిటికంటే ముఖ్యం ధారణ. మూడు గంటల కిందట ఒక పృచ్ఛకుడు విసిరిన పదం చివర పద్యంలో యథాతథంగా వినిపించినప్పుడు సభ చప్పట్లతో మారుమోగేది అందుకే. అడిగింది వృథా పోలేదు. కథలో పొందిక అంటే పాఠకుడి ఎంపికను అడ్డుకోవడం కాదు, దాన్ని మరిచిపోకుండా మోయడం. తిరుపతి వేంకట కవులు దేశమంతా తిరిగి జనానికి అలవాటు చేసిన ఈ ప్రక్రియ, 2020 కరోనా రోజుల్లో జూమ్ తెరల మీదకూ చేరి, అమెరికాలో ఉన్న పృచ్ఛకుడు ఆంధ్రలో ఉన్న అవధానికి దత్తపది ఇచ్చే దాకా వచ్చింది.

తెర మీద

విల్ క్రౌథర్ 1976లో రాసిన, మరుసటి ఏడు డాన్ వుడ్స్ పెంచిన అడ్వెంచర్ అనే గుహ ఆటతో కంప్యూటర్ కథనం మొదలైందని చెప్పుకోవచ్చు. అచ్చులో 1979లో ఎడ్వర్డ్ పాకర్డ్ రాసిన ద కేవ్ ఆఫ్ టైమ్ 40 ముగింపులతో వచ్చి పిల్లల పుస్తకాల తీరే మార్చింది. వీటికంటే ముందే, 1967లో మాంట్రియల్ ప్రపంచ ప్రదర్శనలో చెకొస్లొవేకియావారి కినోఆటోమాట్ సినిమా ప్రేక్షకుల కుర్చీలకు ఎరుపు, ఆకుపచ్చ మీటలు అమర్చింది. కథ మధ్యలో ఆగేది, వేదిక మీది వ్యాఖ్యాత ఓటు అడిగేవాడు. ఏ మీట నొక్కినా రెండు దారులూ మళ్లీ ఒకే మలుపు దగ్గర కలిసేవి. ఇల్లు తగలబడడం మాత్రం తప్పేది కాదు.

2005లో మైకేల్ మాటియస్, ఆండ్రూ స్టర్న్ చేసిన ఫసాడ్ ఇంకో అడుగు ముందుకేసింది. ఆటగాడు భార్యాభర్తలైన స్నేహితుల ఇంటికి వెళ్లి, కీబోర్డు మీద తన మాటలు తానే టైపు చేస్తాడు. బీట్లు అనే చిన్న ఘట్టాల్లో తర్వాత ఏది రావాలో ప్రోగ్రామే నిర్ణయిస్తుంది. దానికి డ్రామా మేనేజర్ అని పేరు. అవధాన సభలో సంచాలకుడు చేసే పనికి ఇది చాలా దగ్గర. ఇరవై నిమిషాల నాటకానికి ఇద్దరు మనుషులకు ఏళ్లు పట్టింది.

2018 డిసెంబరు 28న నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసిన బాండర్‌స్నాచ్ ఈ ప్రయోగాన్ని మన ఇళ్ల టీవీల్లోకి తెచ్చింది. ఎంచుకోవడానికి పది సెకన్లు. మీట నొక్కకపోతే కథ తనే ఒక దారి పట్టి ఆగకుండా సాగేది. ఈ చిన్న జాగ్రత్త చాలా గొప్పది. ఊరికే చూద్దామనుకున్నవాడిని కూడా కథ వదిలిపెట్టేది కాదు. మరో పక్క, మూడు గేములుగా వచ్చిన మాస్ ఎఫెక్ట్ 2012లో మూడో భాగంతో ముగిసినప్పుడు అభిమానులు మండిపడ్డారు. ఏళ్ల తరబడి తాము చేసిన ఎంపికలు చివర్లో లెక్కలోకి రాలేదన్నది వాళ్ల బాధ. అదే ఏడు జూన్‌లో ముగింపును విస్తరించి మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది. అవధాని ధారణ తప్పితే సభ ఊరుకోనట్టే ఇక్కడా జరిగింది.

ఒక నమూనా: 1908 మూసీ వరద

పాయలు విడిపోయి మళ్లీ కలిసే పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడడానికి మొఘల్‌పురాలో మొదలయ్యే ఒక కథను ఊహించుకుందాం. కాలం 1908 సెప్టెంబరు 27 సాయంత్రం. ఆటగాడి పాత్ర ఇక్కడి గల్లీలో ఉండే పదహారేళ్ల కుర్రాడు. అమ్మ ఇంట్లో ఉంది. అక్క మూసీ అవతల అఫ్జల్‌గంజ్‌లో మెట్టినింట్లో ఉంది. వాన ఆగడం లేదు.

వరద చరిత్ర. అది మారదు. 28న అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిని తెగిపోయాయి. నగరపు రెండు ఒడ్లనూ కలుపుతూ పాత కుతుబ్‌షాహీ వంతెన పురానాపూల్ ఒక్కటే నిలిచింది. అఫ్జల్‌గంజ్‌లో నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకుని తానొక్కడే బతికాడు. ఇలాంటి కథలో వరదను ఆపే ఎంపిక ఇవ్వడం చచ్చిపోయినవాళ్లకు అన్యాయం చేయడమే. కానీ ఆ సాయంత్రం కుర్రాడు ఏం చేశాడన్నది మాత్రం ఆటగాడిదే.

వంతెన దాటి అక్క దగ్గరికి వెళ్లాడనుకోండి, తెల్లారేసరికి అమ్మకు దూరమవుతాడు. ఇంట్లోనే ఉండిపోయాడనుకోండి, అక్క జాడ తెలియదు. రెండు దారుల్లో ఏది పట్టినా మూడో రోజు అతను పురానాపూల్ దగ్గరికి రావలసిందే, ఎందుకంటే అవతలి ఒడ్డుకు వేరే దారే లేదు. ఇక్కడ పాయలు కలిసేలా చేసింది చరిత్రే. రచయిత బలవంతంగా తలుపు మూయాల్సిన పని లేదు. వంతెన మీది ఘట్టం ఒక్కటే, కానీ అందులో ఎదురొచ్చే మనిషి ఎవరు, కుర్రాడి చేతిలో ఏముంది, మొదటి మాట ఎవరు మాట్లాడతారు అన్నవి ముందు జరిగినదాన్ని బట్టి మారతాయి. సాయంత్రం అమ్మ ఇచ్చిన దుప్పటి దారిలో ఎవరికైనా ఇచ్చేశాడా? ఇచ్చి ఉంటే మూడు రోజుల తర్వాత ఆ దుప్పటి వేరొకరి భుజాన కనిపించాలి. దీనికోసం ప్రోగ్రాములో ఉండాల్సింది అవును, కాదు అనే రెండు విలువలు మాత్రమే. ఆటగాడికి అది కథ తనను గుర్తుపెట్టుకుందనే నమ్మకం.

తెలుగులో రాసేటప్పుడు

ఇలాంటి కథలు రాసే ట్వైన్, ఇంక్ వంటి సాధనాలన్నీ ఇంగ్లీషును మనసులో పెట్టుకుని పుట్టినవే. ఆటగాడు తన పేరు ఇస్తే, ఖాళీలో ఆ పేరు పెట్టేస్తే ఇంగ్లీషు వాక్యం సిద్ధమవుతుంది. తెలుగులో అలా కుదరదు. లక్ష్మికి, కృష్ణుడికి, రాజుగారికి అంటూ పేరుతోపాటు విభక్తి కదులుతుంది. కృష్ణుడు కృష్ణుణ్ణి అవుతాడు, లక్ష్మి లక్ష్మిని అవుతుంది. వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని క్రియ కూడా మారాలి. అందుకే తెలుగులో రాసేవాళ్లు ప్రతి పేరుకూ రూపాల పట్టిక పెట్టుకుంటారు, లేదంటే పేరు వాక్యం మొదట్లో ప్రథమా విభక్తిలోనే వచ్చేలా వాక్యం కట్టుకుంటారు. రెండోది సులువు. అయితే ఎక్కువ వాడితే వచనం బిగుసుకుపోతుంది.

ఈ ఇబ్బందిలోనే ఒక వరం దాగుంది. పాత్రల మధ్య దగ్గరితనం ఎంత పెరిగిందో చూపించడానికి చాలా గేములు తెర మీద అంకెలు, గుండె బొమ్మలు వేస్తాయి. తెలుగులో నువ్వు, మీరు చాలు. మొఘల్‌పురా కథలో కిరాణా కొట్టాయన మొదట కుర్రాణ్ణి ఏయ్ అని పిలిచి, తర్వాత బేటా అన్నాడంటే ఆటగాడికి విషయం అర్థమైపోతుంది. పొరుగింటి తెలుగు కుర్రాడు ఆయన్ని చాచా అంటాడు, ఆయన భార్యను ఖాలా అంటాడు. ఆ పిలుపు ఒకసారి కుదిరాక ఏ పాయలోనూ అది అండీగా మారకూడదు. మారితే ఆటగాడు వెంటనే పట్టేస్తాడు. దక్కనీ ఉర్దూ, తెలుగు కలిసిన మాట పాతబస్తీలో రోజువారీ వాడుక కాబట్టి, ఎవరితో ఏ భాష మొదలుపెట్టాలన్నది కూడా ఆటగాడికి ఇవ్వదగిన ఎంపికే.

పరిశ్రమ, కృత్రిమ మేధ

తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ రంగాలకు 2016లో ఇమేజ్ పేరుతో ప్రత్యేక విధానం తెచ్చింది. ఛోటా భీమ్‌ను పుట్టించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ హైదరాబాదుదే. అంతర్జాతీయ గేమ్ సంస్థలకూ ఇక్కడ స్టూడియోలున్నాయి. బాహుబలి కథతో 2017లో మొబైల్ గేమ్, వీఆర్ ప్రదర్శన రెండూ వచ్చాయి. ఇంత నైపుణ్యం ఉన్నా, తెలుగులోనే ఆలోచించి, తెలుగులోనే శాఖలు వేసి రాసిన పెద్ద కథాప్రధాన గేము పాఠకుల నోళ్లలో నానే స్థాయికి ఇంకా రాలేదు. ఇది సాంకేతిక లోటు కాదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. కథకులూ ప్రోగ్రామర్లూ ఒకే గదిలో కూర్చోవడమే ఇంకా జరగాలి. ఆ గదిలో ఒక అవధాని కూడా ఉంటే మరీ మంచిది.

2019 డిసెంబరులో వచ్చిన ఏఐ డంజన్ కొమ్మల లెక్కనే తలకిందులు చేసింది. ఆటగాడు ఏం రాసినా యంత్రం కథ కొనసాగిస్తుంది, ముందే రాసిపెట్టిన ఘట్టమంటూ లేదు. స్వేచ్ఛకు హద్దు లేదు. కానీ పది పేజీలు దాటేసరికి చచ్చిన పాత్ర లేచి టీ తాగేది, అన్న తమ్ముడయ్యేవాడు. తర్వాతి నమూనాల జ్ఞాపకం చాలా పెరిగింది. అయినా ఇప్పుడు ఈ పని చేసే బృందాలు అంతా యంత్రానికే వదిలేయడం లేదు. ఎవరు బతికున్నారు, ఎవరి దగ్గర ఏముంది, ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారు అన్నది విడిగా ఒక పట్టికలో ఉంచి, యంత్రం రాసే ప్రతి పేరానూ దాంతో సరిచూస్తున్నాయి. మాటలు అల్లే పని యంత్రానిది, ధారణ పట్టికది.

భద్రపరచడం

ఈ రంగంలో తక్కువగా మాట్లాడుకునే సంగతి ఒకటుంది. ఇంటరాక్టివ్ కథలు త్వరగా కనుమరుగవుతాయి. 2020 చివర ఫ్లాష్ ప్లేయర్ ఆగిపోయినప్పుడు వేలకొద్దీ చిన్న కథాక్రీడలు ఒక్కసారిగా తెరచుకోవడం మానేశాయి. బాండర్‌స్నాచ్‌ను నెట్‌ఫ్లిక్స్ 2025 మేలో తొలగించింది. ఆడుతుండగా తీసిన వీడియో మిగిలినా అందులో ఉండేది ఒక్క దారే, పట్టకుండా వదిలేసిన దారులు ఉండవు. అవధానాల పుస్తకాలు అచ్చువేసినవారు ఈ విషయంలో ముందుచూపు చూపారు. పద్యంతోపాటు పృచ్ఛకుడు ఇచ్చిన సమస్యను, దత్తపది పదాలను కూడా అచ్చువేశారు. వందేళ్ల కిందటి సభలో అవధానికి ఏ అడ్డంకి ఎదురైందో, దాన్ని ఏ పదంతో దాటాడో ఇవాళ చదివేవారికి తెలుస్తోంది. డిజిటల్ కథల విషయంలోనూ మూల ఫైళ్లు, శాఖల పటాలు, సంభాషణల రాతప్రతులు గ్రంథాలయాలకు చేరితేనే తర్వాతి తరం రచయితలు వాటిని విప్పి చూడగలుగుతారు.